రెండు క్రీడల విజేత, ఎడమ పాదం లేని ఒలివేర్ హలషీ

బెర్లిన్ ఒలింపిక్స్ అనగానే మనకు ఇద్దరు గుర్తొస్తారు. హాకీ ఫైనల్లో జర్మనీని 8-1 తేడాతో ఓడించిన భారత జట్టు కెప్టెన్ ధ్యాన్‌చంద్ ఒకరు, నాలుగు స్వర్ణాలు గెలిచిన జెస్సీ ఓవెన్స్ మరొకరు. అదే 1936 ఆగస్టులో, అదే నగరంలోని ఈతకొలనులో స్వర్ణం గెలిచిన హంగరీ ఆటగాడు ఒలివేర్ హలషీ పేరు మన దగ్గర పెద్దగా వినబడదు. ఆయనకు ఎడమ మోకాలి కింది భాగం లేదు.

హలషీ 1909 జులై 31న బుడాపెస్ట్‌ను ఆనుకుని ఉన్న ఊయ్‌పెష్ట్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే ట్రామ్ ప్రమాదంలో కాలు పోయింది. అయినా ఈతలో రాణించి స్థానిక క్లబ్బులో ఆటగాడయ్యాడు. ఆయన ఎంచుకున్న రెండో ఆట వాటర్‌పోలో. ఇందులో కొలను అడుగున కాలు మోపకూడదు. గోల్‌కీపర్ తప్ప ఎవరూ బంతిని రెండు చేతులా పట్టకూడదు. ఒక చేత్తో బంతి విసరాలంటే కాళ్లతో నీటిని తన్నుతూ నడుం పైభాగాన్ని పైకి లేపి ఉంచాలి. అంటే ఆటంతా కాళ్ల బలం మీదే నడుస్తుంది. అలాంటి ఆటలో ఆయన హాఫ్‌బ్యాక్. రక్షణలో ఉంటూనే దాడికి బంతి అందించే స్థానం అది.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నాటికి ఆయన వయసు 19. ఫైనల్ అదనపు సమయానికి వెళ్లింది. జర్మనీ 5-2తో గెలవగా హంగరీకి రజతం దక్కింది. 1932 లాస్ ఏంజెలెస్‌లో బేలా కొమ్యాది తీర్చిదిద్దిన హంగరీ జట్టు అదే జర్మనీని 6-2తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఈ మధ్యలో, 1931 పారిస్ యూరోపియన్ పోటీల్లో హలషీ వాటర్‌పోలో స్వర్ణంతో పాటు 1500 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలోనూ విజేతగా నిలిచాడు. రెండు కాళ్లూ ఉన్న ఈతగాళ్లతో, ఎలాంటి మినహాయింపూ లేకుండా పోటీపడి గెలిచిన టైటిల్ అది. 1934లో, 1938లో కూడా యూరోపియన్ వాటర్‌పోలో టైటిల్ ఆయన జట్టుదే.

బెర్లిన్‌లో హంగరీ, జర్మనీల మ్యాచ్ 2-2తో డ్రా అయింది. చివరి దశలో రెండు జట్లూ పాయింట్లలో సమానం. హంగరీ 10 గోల్స్ చేసి 2 ఇచ్చింది. జర్మనీ 14 చేసి 4 ఇచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం గోల్స్ నిష్పత్తి చూశారు కనుక హంగరీకి స్వర్ణం దక్కింది. ఇప్పటిలా తేడా లెక్కేసి ఉంటే జర్మనీ గెలిచేది. ఆతిథ్యమిచ్చిన నాజీ ప్రభుత్వం అప్పటికే 1933 నాటి చట్టంతో, వంశపారంపర్య లోపాలున్నవారని ముద్రవేసి ఎందరికో సంతానం కలగకుండా బలవంతపు ఆపరేషన్లు చేయిస్తోంది. మూడేళ్లకు, 1939లో, వికలాంగులను చంపే కార్యక్రమమే మొదలుపెట్టింది. అలాంటి రాజ్యం రాజధానిలో ఒక వికలాంగుడు స్వర్ణం అందుకున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధాన్ని తట్టుకుని బతికిన హలషీని ఆ తర్వాతి అరాచకం బలితీసుకుంది. 1946 సెప్టెంబర్ 10న బుడాపెస్ట్‌లో ఒక సోవియట్ సైనికుడు దోపిడీకి పాల్పడి ఆయనను చంపేశాడు. అప్పటికి ఆయన వయసు 37. కొద్ది రోజులకే ఆయన భార్య మూడో బిడ్డకు జన్మనిచ్చింది.

ఆ తర్వాత రెండేళ్లకు, 1948 లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ 16 మంది క్షతగాత్రులకు విలువిద్య పోటీ పెట్టాడు. నాజీల బారి నుంచి తప్పించుకుని వచ్చిన యూదు వైద్యుడాయన. 1960లో రోమ్ నగరంలో తొలి పారాలింపిక్స్‌కు దారితీసింది ఆ పోటీయే. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో ఈతలో స్వర్ణం గెలిచింది కూడా ఆ వేదిక మీదే.

హలషీ కథను పట్టుదల ఉంటే చాలునన్న నీతికథగా చెప్పడం తేలిక. కానీ ఆయన పట్టుదలకు ఊళ్లో ఒక క్లబ్బు, ఆటను బట్టి జట్టులోకి తీసుకున్న వ్యవస్థ తోడయ్యాయి. చక్రాల కుర్చీ నుంచి కదలలేనివారికి అలాంటి దారి కూడా ఉండదు. వారికోసమే పారాలింపిక్స్ పుట్టాయి. వికలాంగ బాలుడు ఈతకొలను దగ్గరికి వస్తే లోపలికి రానిచ్చే ఊళ్లు మనకు ఎన్ని ఉన్నాయన్నది హలషీ జీవితం మన ముందుంచే ప్రశ్న.