ధాన్యకటకమున కుదిరిన చెలిమి

కృష్ణానది దక్షిణపు గట్టున అమరావతి కలదు. 2022వ సంవత్సరమున ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఇది చేరినది. అమరేశ్వరుని దర్శించుటకు వచ్చు యాత్రికులలో కొందరు మహాస్తూపపు శిథిలములను కూడ చూచి పోవుదురు. ఊరిని ఆనుకొనియున్న ధరణికోటయే పూర్వము ధాన్యకటకమని పేరొందిన మహానగరము. క్రీ. శ. 639వ సంవత్సర ప్రాంతమున ఈ దేశమునకు చీనానుండి ఒక భిక్షువు వచ్చెను. అతడే హ్యూన్‌త్సాంగు.

అతని బొమ్మను చూడని విద్యార్థి అరుదు. వీపున గ్రంథపు చుట్టలు పేర్చిన పెద్ద మోపు, ముందునకు సాగిన అడుగు, ప్రక్కన మనిషి లేడు. అతని తరువాత కొన్ని శతాబ్దములకు చీనా, జపాను చిత్రకారులు గీసిన బాటసారి భిక్షువుల పటములనుండి ఆ రూపము మనకు వచ్చినది. చూడ ముచ్చటైన బొమ్మయే. కాని అందు సగమే నిజము. పదునారేండ్లు సాగిన ఆ ప్రయాణములో ఎందరో అతని బరువును పంచుకొనిరి. వారిలో ఇద్దరు ధాన్యకటకమున కలిసినవారు.

హ్యూన్‌త్సాంగు 602 ప్రాంతమున లోయాంగు నగర సమీపమున చెన్ వంశమున జన్మించెను. నలుగురు కుమారులలో కడపటివాడు. తండ్రి పండితుడు; తొలి చదువు ఆయనవద్దనే సాగెను. రెండవ అన్న అప్పటికే భిక్షువు. అన్న వెంట విహారమునకు పోయి ఆ బాలుడు పదుమూడవ యేట శ్రామణేరుడయ్యెను. సుయి వంశపు రాజ్యము కూలి దేశము అల్లకల్లోలము కాగా అన్నదమ్ములిరువురును చెంగ్డూకు తరలిపోయిరి. 622లో అచ్చటనే అతడు పూర్ణభిక్షువయ్యెను. తరువాత ఎందరో గురువులను ఆశ్రయించెను. ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థము చెప్పుచుండిరి. అనువాదములు ఒకదానితో నొకటి పొసగవు. యోగాచారభూమి శాస్త్రమును పూర్తిగా సంపాదించి, పుట్టిన దేశముననే, మూలభాషలోనే చదువవలెనని అతడు నిశ్చయించుకొనెను. పాఠము సందేహాస్పదమైనపుడు మూలమును వెదకుట పండితులకు వాడుకయే. అందులకై మంచుకొండలను, ఎడారులను దాటుట మాత్రము వాడుక కాదు.

టాంగు వంశము అప్పుడే సింహాసనమెక్కియుండెను. ప్రజలు సరిహద్దులు దాటరాదని రాజాజ్ఞ. హ్యూన్‌త్సాంగు కొందరు తోటి భిక్షువులతో కలిసి అనుమతికై విన్నవించుకొనెను. అనుమతి రాలేదు. తక్కినవారు ఊరకుండిరి. అతడు 629లో చాంగాన్ విడిచి పడమరకు నడచెను. 627 అని చెప్పు చరిత్రకారులును కలరు. లియాంగ్‌జౌలో అధికారులు అతనిని వెనుకకు పొమ్మనగా, ఆ ఊరి వృద్ధభిక్షువొకడు తన శిష్యులిద్దరిని రహస్యముగా తోడిచ్చెను. వారు పగలు దాగుచు, రాత్రులు నడచుచు అతనిని గ్వాజౌ చేర్చిరి. అతనిని పట్టి పంపవలెనను ఉత్తరువు అంతలోనే అచ్చటికి వచ్చెను. దానిని అందుకొన్న అధికారి బౌద్ధుడు. అతడు ఆ కాగితమును హ్యూన్‌త్సాంగు ఎదుటనే చించివేసి, వెంటనే బయలుదేరుమని చెప్పెను. చించినవానికి దొరకగల శిక్ష యేమో చదువరులు ఊహించుకొనవచ్చును.

తోడుగా వచ్చిన శిష్యులలో ఒకడు వేరు దారిన పోయెను. రెండవవాడు ఎడారి ప్రయాణమునకు తాళలేడని హ్యూన్‌త్సాంగే వెనుకకు పంపెను. మధ్య ఆసియావాడైన ఒక యువకుడు దారి చూపుదునని వచ్చెను. ఆ దారి బాగుగా ఎరిగిన ముసలివాడొకడు తన బక్కచిక్కిన ఎఱ్ఱగుఱ్ఱమును ఇచ్చి, భిక్షువు గుఱ్ఱమును తాను తీసికొనెను. ముసలి గుఱ్ఱమేగాని, హామి పట్టణమునకు 15 మారులు పోయి వచ్చినది. నది దాటిన రాత్రి దారిచూపువాడు కత్తి దూసి, నిదురింపబోవుచున్న భిక్షువు వైపు వచ్చి, కొన్ని అడుగుల దూరమున ఆగి, మరల పోయి పడుకొనెను. తెల్లవారిన తరువాత తన భయమును బయటపెట్టెను: భిక్షువు పట్టుబడినచో తన పేరు చెప్పునేమో! తనువు తుత్తునియలైనను చెప్పనని హ్యూన్‌త్సాంగు ప్రమాణము చేసి, వానికొక గుఱ్ఱమునిచ్చి సాగనంపెను. ఇక మిగిలిన తోడు ఎఱ్ఱగుఱ్ఱమొక్కటే.

సరిహద్దున అయిదు కావలి బురుజులు కలవు. నీటికై మొదటి బురుజును సమీపించినపుడు బాణము మోకాలిని రాచుకొనినంత దగ్గరగా పోయెను. కాని అచ్చటి అధికారియు దయ చూపెను. బురుజులు గడచిన తరువాత మోహోయెన్ ఎడారి. అక్కడ పక్షి లేదు, మృగము లేదు, నీరు లేదు. దారి తప్పెను. నీరు త్రాగుటకు తిత్తిని ఎత్తగా అది చేయి జారి నేలపాలయ్యెను. వేయి లీల ప్రయాణమునకు దాచిన నీరది. లీ అనగా మైలులో సుమారు మూడవ వంతు. చేయునది లేక తూర్పునకు మరలి పది లీలు నడచెను. భారతదేశము చేరక తూర్పు వైపు ఒక్క అడుగైనను వేయనని చేసికొన్న ప్రతిజ్ఞ అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. గుఱ్ఱపు తల మరల పడమరకు త్రిప్పెను. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు చుక్క నీరు లేదు. గుఱ్ఱమును, మనిషియు ఇసుకలో పడిపోయిరి. అయిదవ రాత్రి చల్లగాలి వీచగా ఇద్దరును లేచిరి. కొంత దూరము పోవుసరికి గుఱ్ఱము కళ్లెమునకు లొంగక ప్రక్కదారి పట్టెను. అచ్చట పచ్చగడ్డి, ఒక నీటిమడుగు కనబడెను. ఆ ముసలి గుఱ్ఱము దారి మరువలేదు.

హామి దాటి తుర్ఫాను ప్రాంతమున కావోచాంగు రాజ్యము కలదు. ఆ రాజు చ్యూ వెన్‌తాయ్ భిక్షువును తన ఆస్థానగురువుగా నిలుపుకొనదలచెను. వేడుకొనెను, వినకపోగా బెదిరించెను. హ్యూన్‌త్సాంగు మూడు దినములు అన్నోదకములు మానెను. రాజు లొంగి, అతనితో అన్నదమ్ముల వరుస కలుపుకొనెను. ఒక మాట మాత్రము పుచ్చుకొనెను: తిరిగి వచ్చునపుడు మూడేండ్లు తన రాజ్యమున నిలువవలెను. పిమ్మట 30 గుఱ్ఱములు, 25 మంది పరిచారకులు, దారిలోని రాజులకు 24 లేఖలు ఇచ్చి పంపెను. చాటుగా దాటిన బాటసారి ఇప్పుడు ఒక పరివారముతో నడచెను. ఆ పరివారములో పదింట మూడు నాలుగు వంతుల మంది తియెన్‌షాన్ మంచుకొండలలో చలికి, ఆకలికి మరణించిరి.

సమర్‌ఖండు, ఇనుపద్వారమను కనుమ దాటి అతడు బాల్ఖు చేరెను. అచ్చట ప్రజ్ఞాకరుడను భిక్షువు తారసపడెను. ప్రజ్ఞాకరుడు హీనయానమున గొప్ప విద్వాంసుడు, హ్యూన్‌త్సాంగు మహాయాని. అయినను ఒక నెలకు పైగా అతనియొద్ద విభాషాశాస్త్రమును చదివెను. తరువాత ఇద్దరును కలిసి హిమపర్వతములు దాటి, బామియానులో కొండను తొలిచిన మహాబుద్ధ విగ్రహములను చూచి, కపిశకు పోయిరి. ఆ విగ్రహములు 2001లో నేలకూల్చబడినవి. కపిశలో రాజు పిలుపు రాగా ప్రజ్ఞాకరుడు వెనుకకు మరలెను. ఆ బాటలో అతనికి సాటియైన విద్వన్మిత్రుడు మరల దొరకుటకు చాలకాలము పట్టెను.

గాంధారమును, రెండేండ్ల కాశ్మీర విద్యాభ్యాసమును, నాలందలో వృద్ధాచార్యుడైన శీలభద్రుని పాదములచెంత గడచిన సుమారు అయిదేండ్లను ఇచ్చట వివరింపబనిలేదు, అవి అందరెరిగినవే. నాలందనుండి అతడు వంగదేశమునకు పోయి, తామ్రలిప్తిలో సింహళమునకు ఓడయెక్కదలచెను. సముద్రము ప్రమాదకరమని, తీరము వెంట దక్షిణమునకు నడచి అచ్చటనుండి దాటుట మేలని దక్షిణదేశ భిక్షువొకడు సలహా చెప్పెను. ఆ సలహా చలువననే అతడు ఓడ్ర, కళింగ, దక్షిణకోసలముల మీదుగా ఆంధ్రభూమిని త్రొక్కెను.

అతడు మొదట వర్ణించిన ఆంధ్రదేశపు రాజధాని వేంగియని పండితులు తలచుచున్నారు. తర్కశాస్త్రకర్తయైన దిఙ్నాగుడు ఆ సీమలోని ఒంటికొండపై నివసించెనని అతడు విని వ్రాసెను. అచ్చటనుండి దక్షిణముగా అడవులు దాటి ధాన్యకటక దేశము ప్రవేశించెను. నేల సారవంతము, పంటలు సమృద్ధి, జనులు నల్లనివారు, తీక్ష్ణస్వభావులు, విద్యాప్రియులు అని అతడు వ్రాసినది చదివినపుడు ఇప్పటికిని మనకు నవ్వును, సంతోషమును ఒక్కమారే కలుగును.

కాని అతడు చూచినది వెలిసిపోయిన వైభవము. విహారములు లెక్కకు మిక్కిలి; అందు నిలిచియున్నవి 20 మాత్రమే. వేయిమంది భిక్షువులు, ఎక్కువమంది మహాసాంఘికులు. దేవాలయములు నూటికి పైన. నగరమునకు తూర్పుకొండపై పూర్వశైల విహారము, పడమటికొండపై అపరశైల విహారము కలవు. పూర్వము ఏటేట వేయిమంది వర్షావాసము చేసిన ఆ చోట్ల నూరేండ్లుగా ఒక్క భిక్షువును లేడు. కొండదేవత తోడేలుగను, కోతిగను రూపుదాల్చి బాటసారులను బెదరించుటచే అవి పాడుబడెనని జనులు చెప్పుకొనుచుండిరి. ఈ వర్ణన బెజవాడ కొండలకే తగునని వాదించిన చరిత్రకారులును కలరు. అమరావతి మహాస్తూపమును అతడు విడిగా పేర్కొనకపోవుట వారి వాదమునకు బలము. ఏ కొండయైనను, పాడుపడిన మెట్లయెదుట నిలిచి గతకాలమును లెక్కించుకొన్న బాటసారి ఇతడే.

ఇట్టి తరుణమున, ఈ దేశముననే, సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులతో అతనికి పరిచయమయ్యెను. మహాసాంఘికుల మతానుసారముగా త్రిపిటకమును వివరించుటలో వారు దిట్టలు. హ్యూన్‌త్సాంగు అప్పటికే నాలందలో పేరొందినవాడు. వయస్సు నలుబదికి దగ్గర. అయినను వారి యెదుట శిష్యుడై కొన్ని మాసములు నిలిచి మూలాభిధర్మము మొదలగు శాస్త్రములను అభ్యసించెను. వారును అతనియొద్ద మహాయానశాస్త్రములను చదివిరి. ఒక పూట గురువు మరియొక పూట శిష్యుడగుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. అది పంతములకు పేరుపడిన కాలము. నాలంద ద్వారమున నలుబది సూత్రములు వ్రాసి అంటించి, ఓడినచో తల ఇత్తునన్న పండితునితో ఇదే హ్యూన్‌త్సాంగు తరువాత వాదించెను. గెలిచి, తల తీయక, కొంతకాలము సేవకునిగా ఉంచుకొని విడిచిపుచ్చెను. ధాన్యకటకమున వాదము లేదు, పందెము లేదు. చదువు ముగిసిన పిమ్మట ముగ్గురును ఒక్క సంకల్పముతో పుణ్యక్షేత్రములను దర్శించుటకు కలిసి బయలుదేరిరి.

వారి జాడ చరిత్రలో అచ్చటితో ఆగినది. హ్యూన్‌త్సాంగు కాంచీపురము చేరెను. సింహళమున రాజు మరణించెననియు, కరవు, కలహములు చెలరేగెననియు అచ్చటికి వచ్చిన భిక్షువులు చెప్పగా ఆ యాత్ర మానెను. రెండవ పులకేశి ఏలిన మహారాష్ట్రము, మాళవము, వలభి, సింధు దేశములు చుట్టి మరల నాలంద చేరెను. 643లో కనూజు సభలో హర్షుడు అతనిని గొప్పగా సన్మానించి, కోరినచో సముద్రముపై పంపుదుననెను. హ్యూన్‌త్సాంగు భూమార్గమునే ఎంచుకొనెను. కావోచాంగు రాజునకిచ్చిన మాట అట్లే యుండెను గదా! కాని ఆ రాజు 640లోనే మరణించెను. రాజ్యమును టాంగు సేనలు కలుపుకొనెను. మూడేండ్లు నిలువవలసిన ఇల్లే లేకపోయెను.

సింధునది దాటునపుడు పడవ ఊగి 50 గ్రంథములు నీటిపాలయ్యెను. మిగిలిన 657 గ్రంథములతో 645లో అతడు చాంగాన్ చేరెను. చాటుగా వెడలినవానికి ఇప్పుడు నగరమంతయు ఎదురువచ్చెను. తెచ్చిన గ్రంథములలో మహాసాంఘికులవి 15. మరుసటి యేట తన యాత్రావృత్తాంతమును చక్రవర్తికి సమర్పించెను. అటుపై పందొమ్మిదేండ్లు ఒకే పని: అనువాదము. 75 గ్రంథములు, 1335 సంపుటములు.

ఆ నడుమ 652లో మహాబోధి విహారమునుండి జ్ఞానప్రభుడు, ప్రజ్ఞాదేవుడు అను మిత్రులు లేఖలు, తెల్లని నూలుబట్టలు పంపిరి. ప్రజ్ఞాదేవుడు కనూజులో అతనితో గట్టిగా వాదించినవాడు. 654లో హ్యూన్‌త్సాంగు జవాబులు వ్రాసెను. శీలభద్రుని మరణవార్త విని కలిగిన దుఃఖమును తెలిపెను. వాదమునాటి పరుషవాక్కులకు మన్నింపు కోరెను. నదిలో పోయిన గ్రంథముల పట్టికను జతపరచి, వచ్చువారెవరైన ఉన్నచో పంపుమని అడిగెను. 664లో అతడు దేహము చాలించెను.

అతని యాత్రాగ్రంథమున దేశములు, కొండలు, విహారములు కలవు. సుభూతి, సూర్యుల పేర్లు లేవు. ఆ పేర్లు శిష్యుడు హుయిలీ వ్రాసిన జీవితచరిత్రలో, ధాన్యకటకమునకును కాంచీ మార్గమునకును నడుమ, రెండు మూడు పంక్తులలో నిలిచియున్నవి. గురువు చెప్పకున్నచో ఆ శిష్యునకు అవి తెలియునవి కావు.