జూలియా మార్గరెట్ కామెరాన్

ముఖము మనస్సునకు అద్దమని పెద్దలందురు. ఆ మనస్సును ఛాయాచిత్రమునందు చూపవచ్చునని నిరూపించిన వారిలో జూలియా మార్గరెట్ కామెరాన్ అగ్రగణ్యురాలు.

ఆమె 1815వ సంవత్సరము జూన్ 11వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి ఈస్టిండియా కంపెనీలో ఉన్నతోద్యోగి. ఆమె ఫ్రాన్సు దేశమున విద్యాభ్యాసము చేసెను. 1836లో దక్షిణాఫ్రికాకు వెళ్లినపుడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెల్‌తో ఆమెకు స్నేహము కలిగెను. న్యాయశాస్త్ర కోవిదుడగు చార్లెస్ హే కామెరాన్‌ను అచ్చటనే కలిసికొని, 1838లో కలకత్తాలో వివాహమాడెను. 1848లో ఆ దంపతులు ఇంగ్లండు చేరి, 1860లో వైట్ ద్వీపమునందలి ఫ్రెష్‌వాటర్ గ్రామమున స్థిరపడిరి.

1863 డిసెంబరులో భర్త సింహళమునందలి తోటలను చూచుటకు వెళ్లియుండగా, ఆమెకు ప్రొద్దుపోవుటకై కూతురును అల్లుడును ఒక కెమెరాను బహూకరించిరి. అప్పటికి ఆమె వయస్సు 48 సంవత్సరములు. ఆ విద్యలో ఆమెకు ఓనమాలైనను తెలియవు. అయినను వెనుకంజ వేయలేదు. బొగ్గుల కొట్టును చీకటిగదిగా, గాజు పలకలు అమర్చిన కోళ్లగూటిని చిత్రశాలగా మార్చెను.

ఆ కాలమున చిత్రము తీయుట మిక్కిలి శ్రమతో కూడిన పని. గాజుపలకపై కొలోడియన్ అను ద్రవమును పూసి, వెండి లవణపు ద్రావణమున ముంచి, తడి ఆరకముందే చిత్రము తీసి కడుగవలెను. చేతులును దుస్తులును నల్లని మరకలగుచుండెను. తొలి చిత్రమును ఆమె పొరపాటున చేతితో రాచి తానే చెరిపివేసెను. 1864 జనవరిలో ఒక చిన్న బాలిక చిత్రము చక్కగా వచ్చినపుడు ఆమె సంతోషమునకు మేర లేదు. ఆ బాలికకు కానుక నిచ్చుటకై ఇల్లంతయు వెదకెను.

నాటి చిత్రకారులు పలువురు ముఖమునకు అన్ని వైపులనుండి సమానముగా వెలుగు పడునట్లు చేసెడివారు. అందువలన నీడలు తొలగి ముఖము చదునుగా కనబడుచుండెను. కామెరాన్ తెరలతో వెలుగును అడ్డగించి, ఒక ప్రక్కనుండియో పైనుండియో మాత్రమే పడనిచ్చెను. వెనుక చీకటిని ఉంచెను. అప్పుడు నుదుటి ముడుతలు, కన్నుల లోతు, పెదవుల బిగువు స్పష్టపడి, లోపలి భావము పైకి వచ్చెను. వెలుగు తక్కువగుటచే ఎదుట కూర్చున్నవారు కొన్ని నిమిషములు కదలక ఉండవలసి వచ్చెడిది.

1867లో ఆమె తన కెమెరాతో పాతమిత్రుడగు హెర్షెల్ ఇంటికి వెళ్లెను. అప్పటికాయన 75 ఏండ్ల వృద్ధుడు. ఆమె ఆయన భుజములను నల్లని వస్త్రముతో కప్పి, చెదరిన తెల్లని జుట్టుపైనను ముఖముపైనను మాత్రమే వెలుగు పడనిచ్చెను. జీవితమంతయు నక్షత్రములను పరిశీలించిన ఆ కన్నుల ఆలోచన నేటికిని ఆ చిత్రమున కనబడుచున్నది. కవి టెన్నిసన్, రచయిత కార్లైల్, శాస్త్రజ్ఞుడు డార్విన్ కూడ ఆమె యెదుట కూర్చుండిరి.

చిత్రములు మసకగా నున్నవనియు, వానిపై మచ్చలు, గీతలు ఉన్నవనియు ఛాయాచిత్ర పత్రికలు ఆమెను నిందించెను. ఆమె తన పద్ధతిని విడువలేదు. కంటికి ఏది సుందరముగా తోచునో అచ్చటనే కటకమును నిలిపెను. లండనునందలి సౌత్ కెన్సింగ్టన్ ప్రదర్శనశాల 1865లో ఆమె చిత్రములను కొని ప్రదర్శించెను. 1868లో చిత్రములు తీయుటకై రెండు గదులను కూడ ఇచ్చెను.

1875లో ఆమె భర్తతో సింహళమునకు తరలిపోయి, 1879 జనవరి 26వ తేదీన అచ్చటనే కన్నుమూసెను. ఆమెను నిందించిన పత్రికల మాటలు మరుగుపడినవి. మసకగా నున్నవని వారు త్రోసివేసిన ఆ ముఖములు మాత్రము నేటికిని చూచువారితో మాటలాడుచున్నట్లే యున్నవి.