తెలుగు నేర్చిన దొర: చార్లెసు ఫిలిప్పు బ్రౌను

ఇంటికి గురువును రప్పించుకొని పరభాష నేర్చుకొనుట మన హైదరాబాదు పాతబస్తీలో క్రొత్త సంగతి కాదు. మున్షీ వచ్చి ఫారసీయో ఉర్దూయో చెప్పి పోవుట ఇచ్చట తరతరముల ఆచారము. మన బాలురలో అనేకులు ఇంట ఉర్దూ మాటలాడి, బడిలో ఇంగ్లీషు చదివి, తెలుగును మూడవ భాషగా నేర్చుచున్నారు. వారిలో కొందరు తెలుగు తమకు పట్టుబడదని నాయొద్ద మొరపెట్టుకొనుచుందురు. అట్టివారిని తలంచియే ఈ చరిత్రమును వ్రాయ బూనితిని. ఇందలి నాయకుడు పందొమ్మిదవ యేట చెన్నపట్టణమున ఓడ దిగి, ఒక పంతులుగారి యెదుట గూర్చుండి తెలుగు నేర్వ మొదలిడిన ఇంగ్లీషువాడు.

చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ బోధకుడు. 1800లో కలకత్తాయందు ఫోర్టు విలియం కళాశాల స్థాపింపబడినప్పుడు దానికి అధ్యక్షుడయ్యెను. ఆయన యిల్లు డేనిషువారి పట్టణమగు శ్రీరాంపురమున హుగ్లీనది యొడ్డున నుండెడిది. ఆ యూరనే విలియం కేరీ కాపురముండెను. చెప్పులు కుట్టుకొను దినములలోనే డచ్చి భాషను నేర్చుకొన్న కేరీ, మన దేశమునకు వచ్చి వంగభాష మొదలు తెలుగు వరకు ఎన్నియో భాషలకు పాటుపడెను. 1806లో హెన్రీ మార్టిను అను యువబోధకుడు ఇంగ్లాండునుండి వచ్చి డేవిడ్ బ్రౌను తోటలోని పాడుపడిన గుడియందు బసచేసి, మున్షీని పెట్టుకొని హిందూస్థానీ చదువుచుండెను. ఉర్దూలో క్రొత్త నిబంధనను సిద్ధపరచిన ఘనుడు ఇతడే. ఆయన పేర ఒక సంస్థ నేడు మన హైదరాబాదులో నున్నదని మీలో చాలమంది యెరుగుదురు. అప్పటికి మన చార్లెసు ఏడేండ్ల బాలుడు. పెద్దవారు మున్షీల యెదుట శిష్యులై కూర్చుండుట ఆ యింటివారికి నిత్యము కనబడు దృశ్యము. తండ్రియు కుమారునికి చిన్ననాటనే హెబ్రూ, గ్రీకు, లాటిను మొదలగు భాషలలో ప్రవేశము కలిగించెను.

1812లో డేవిడ్ బ్రౌను గతించెను. హెన్రీ మార్టినును ఆ సంవత్సరమే తోకాతు పట్టణమున కన్నుమూసెను. కుటుంబము ఇంగ్లాండునకు పోయెను. చార్లెసు అచ్చట కుంపిణీవారి హెయిలీబరీ కళాశాలలో చదివి, ఉద్యోగియై 1817 ఆగస్టులో చెన్నపట్టణము చేరెను.

అప్పుడు కుంపిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై 1812లో ఏర్పడిన సెయింటు జార్జి కోట కళాశాల యుండెను. అచ్చట ఆయనకు తెలుగు గురువు వెలగపూడి కోదండరామ పంతులుగారు. తెల్లవాని విద్యకు తొలి పునాది వేసిన యీ పంతులుగారి పేరును మన పాఠ్యపుస్తకములలో నేనెన్నడును చూచియుండలేదు. ఇది నాకు కష్టముగా దోచును.

ఆనాడు ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుట ఎంత దుస్తరమో నేటి విద్యార్థులకు తెలియదు. మన పూర్వుల వ్యాకరణము సంస్కృత సూత్రములతో నుండెను. కావున తెలుగు నేర్వవలెనన్న ముందు సంస్కృతము నేర్వవలెను. ఇంగ్లీషులో 1814లో కేరీయు, 1816లో క్యాంబెలును వ్యాకరణములు వ్రాసిరి గాని, అవియు క్రొత్తవానికి నడుచుటకు చాలిన బాటలు కావు. గ్రంథములన్నియు తాటాకులమీద, మాటకు మాటకు నడుమ ఎడము లేక వ్రాయబడినవి. వచనము స్వల్పము, ఉన్నదెల్ల పద్యమే. పండితుడు పద్యమును రాగముతో చదివి సంస్కృత పదములతో అర్థము చెప్పును. శిష్యునికి ఆ అర్థమునకు మరల అర్థము కావలసి వచ్చును! ఆపైన కచ్చేరీలో రైతు చెప్పు తెలుగు వేరు, పుస్తకములోని తెలుగు వేరు. ఇన్ని చిక్కులున్నను, బ్రౌను 1820లో పరీక్ష నిచ్చి యుత్తీర్ణుడయ్యెను. ఆ సంవత్సరమే గవర్నరుగా వచ్చిన సర్ తామస్ మన్రో, ప్రజల భాష నెరుగని యధికారి ప్రజల నెరుగజాలడని యువకులకు హితవు చెప్పెను. ఆ మాట బ్రౌను మనస్సున నాటుకొనెను.

1820 ఆగస్టులో ఆయనను కడపకు పంపిరి. అచ్చటి కలెక్టరు హాన్బరీ దొర తెలుగున ధారాళముగా మాటలాడుచుండెను. పరీక్ష గెలిచిన తానో, నోరు విప్పుటకు వెనుదీయవలసినవాడు. పరీక్షలో నూటికి ఎనుబది తెచ్చుకొనియు అంగడిలో ఉప్పు అడుగలేని పిల్లలను మేమును చూచుచునే యున్నాము. బ్రౌను కడపలోను, 1822లో మారిపోయిన మచిలీపట్టణములోను బీదపిల్లలకు ఉచిత పాఠశాలలు పెట్టించెను. తాను శిష్యుడుగా నుండగనే ఇతరులకు గురువులను కుదిర్చినాడన్నమాట.

మచిలీపట్టణమున ఆయనకు దారి దొరకెను. 1824లో ఫ్రెంచి బోధకుడగు దుబాయి వ్రాసిన గ్రంథమున వేమన యను కవి పేరు చూచి, ఆ పద్యములకై వెదకనారంభించెను. పండితులు వేమనను మెచ్చలేదు. అది మోటుకవిత్వమని, చదువుకొన్నవారు ముట్టదగినది కాదని వారి తలంపు. శిష్యుడు గురువుల మాట వినలేదు. ఇందు తప్పు గురువులదే యని నా యభిప్రాయము. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. వేమన పద్యము మూడు ముక్కలలో ముగియును, మాటలు ఇంటివి, ఒక్కొక్కటి దానంతట అదియే పూర్తియై, వేరొక కథ యెరుగనక్కరలేక యుండును. పరభాష నేర్చువానికి ఇంతకంటె తగిన వాచకమేది? ఆ బోధనాక్రమమును బ్రౌను ఏ కళాశాలలోను నేర్వలేదు. తన కష్టమే ఆయనకు నేర్పెను.

ప్రతికి ప్రతికి పాఠములు వేరుగా నుండెను. అనేక ప్రతులను తెప్పించి, వ్రాయసగాండ్రచేత ఎత్తి వ్రాయించి, పండితులచేత సరిచూపించి, పద్యములను విషయక్రమమున కూర్చి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో 693 పద్యముల నచ్చు వేయించెను. 1839 నాటి రెండవ కూర్పున వాని సంఖ్య 1164.

పద్యము చదువవలెనన్న గణములు తెలియవలెను. తిప్పాభట్ల వెంకట శివశాస్త్రిగారును, వఠ్యం అద్వైత బ్రహ్మయ్యగారును ఆయనకు కావ్యములు బోధించిరి. నేర్చుకొన్నదానిని తనవలె తంటాలుపడు వారికి పనికివచ్చునట్లు ఇంగ్లీషున వివరించి, 1827లో ఛందస్సుపై గ్రంథమును ప్రకటించెను. తాను ఏది నేర్చినను దానిని వెంటనే పుస్తకముగా మార్చుట ఆయన స్వభావము.

1826లో మరల కడపకు వచ్చి తోటతోకూడిన బంగళా నొకటి కొని, అందు పండితులను నిలిపి, తన సొంత సొమ్ముతో జీతము లిచ్చెను. దానిని జనులు బ్రౌను కాలేజీ యనిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు దానిని కనిపెట్టుచుండిరి. జూలూరి అప్పయ్యగారు మున్నగు పండితులు చాలకాలము ఆయనతో పనిచేసిరి. అప్పయ్యగారి వ్యాఖ్యానముతో మనుచరిత్రము 1851లో వెలువడెను. ఒకని చదువుగా మొదలైనది పదిమంది పండితుల జీవనోపాధి యయ్యెను. జీతము చాలక దొర అప్పులపాలయ్యెను.

1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమయందు ఘోరమైన కరువు వచ్చెను. తోడి అధికారులు దానిని కొరత యని వ్రాయుచుండగా, బ్రౌను కరువు అనియే వ్రాసెను. మాటయొక్క సరియైన అర్థమునకై పండితులతో పోరాడినవాడు ఇచ్చట మాత్రము మెత్తని మాట వాడునా? 1834లో ఆయన ఉద్యోగము పోయెను. ఇంగ్లాండునకు పోయి, లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమున దిక్కులేక పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను చూచి, వానిని చెన్నపట్టణమునకు పంపించు ప్రయత్నము చేసెను. 1838లో మరల కొలువు దొరకి, ఫారసీ అనువాదకుడుగా చెన్నపట్టణమునకు వచ్చెను. పిమ్మట తపాలా శాఖకు పెద్దయు నయ్యెను. ఆయన కూర్చిన వ్రాతప్రతులు రెండువేలకు మించును.

1840లో వ్యాకరణము వెలువడెను. 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వేపేరిలోని క్రైస్తవ జ్ఞానసంఘమువారి ముద్రాక్షరశాలలో అచ్చయ్యెను. అరసున్నను, బండిఱను ఆయన అక్కరలేనివిగా నెంచెను. పెద్దలు క్షమింతురుగాక, నేనును ఈ వ్యాసమున అరసున్నలను విడిచితిని.

మన పాతబస్తీ బాలురకు ప్రియమైనది ఆయన మిశ్రభాషా నిఘంటువు. 1854లో ప్రకటింపబడిన యీ గ్రంథమున, తెలుగువారి నోట తిరుగు ఉర్దూ, ఫారసీ మున్నగు పరభాషా పదములను చేర్చి అర్థము చెప్పెను. వకీలు, జవాబు, రాజీనామా వంటి మాటలు లేక కచ్చేరీ నడువదు. పండితుల నిఘంటువులలో వానికి చోటు లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు మా తరగతిలో ఒక బాలుడు, అయితే మాకు సగము తెలుగు వచ్చినట్లే గదా సార్ అనెను. సగము కాకున్నను, వాడు ఆనాటినుండి వెనుకబల్ల విడిచి ముందుకు వచ్చి కూర్చుండుచున్నాడు.

మన్రో కాలమున వచ్చిన యువకుడు ముదుసలియై సెలవు తీసికొని స్వదేశము పోయెను. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా నియమింపబడెను. కోదండరామ పంతులుగారి యెదుట గూర్చున్నవాడు ఇప్పుడు ఆ గురుపీఠమున దాను గూర్చుండెను. వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో పరమపదించెను. కెన్సల్ గ్రీను శ్మశానమున ఆయన సమాధి యున్నది. కడపలో ఆయన బంగళాయున్న చోటనే నేడు ఆయన పేర గ్రంథాలయమును, భాషా పరిశోధన కేంద్రమును నడుచుచున్నవి.

ఆయన నిఘంటువుయొక్క పునర్ముద్రణ ప్రతి మన పాఠశాల గ్రంథాలయమున, కిటికీ ప్రక్క బీరువాలో రెండవ అరమీద నున్నది. అట్ట ఊడినది, వచ్చు సెలవులలో కుట్టించెదము. అంతవరకు పుటలు జారకుండ రెండు చేతులతో తీయుడు.