అపాత్రుని వరించిన కృప: జాన్ న్యూటన్ జీవితం

లోకంలో ఉపకారం సాధారణంగా పాత్రతను చూచి చేయబడుతుంది. చదివిన విద్యార్థికి బహుమానం, కష్టించిన కూలివానికి వేతనం, మేలు చేసినవానికి ప్రత్యుపకారం లోకమర్యాదలు. కాని ఏ అర్హతా లేనివానిపై, ఒక్కొక్కప్పుడు కీడు చేసినవానిపైననే, కురిసే దయ ఒకటున్నది. క్రైస్తవులు దానిని కృప అంటారు. మానవుడు తన సత్కర్మల బలంతో గాక, దేవుడు అయాచితంగా ప్రసాదించే కృపవల్లనే రక్షణ పొందుతాడన్నది వారి విశ్వాసానికి మూలస్తంభం. ప్రతి శుభకార్యాన్నీ కరుణామయుడైన అల్లాహ్ నామంతో ప్రారంభించే మన విద్యార్థులకు దైవకరుణ అన్న భావం క్రొత్తది కాదు. అయితే కృపను గూర్చి గ్రంథాలలో చదవడం వేరు; అది ఒక మనిషి బ్రతుకును ఎట్లు మార్చినదో, ఎంత ఆలస్యంగా మార్చినదో చూడడం వేరు. అందుకై మేమిక్కడ 18వ శతాబ్దపు ఆంగ్లేయుడు జాన్ న్యూటన్ జీవితాన్ని పరిశీలించదలచాము. న్యూటన్ అనగానే మన సైన్సు విద్యార్థులకు గురుత్వాకర్షణ సిద్ధాంతకర్త ఐజాక్ న్యూటన్ జ్ఞప్తికి వస్తాడు. ఈయన వేరు. ఈయన నావికుడు, బానిసల వర్తకుడు, తరువాత మతబోధకుడు.

జాన్ న్యూటన్ 1725 జూలై 24న లండన్ నగరంలో, థేమ్స్ నది ఒడ్డున నావికులు నివసించే వాపింగ్ పేటలో జన్మించాడు. తండ్రి మధ్యధరా సముద్రంలో తిరిగే వర్తకపు ఓడకు కప్తాను. తల్లి ఎలిజబెత్ దైవభక్తురాలు. ఒక్కగానొక్క కుమారుణ్ణి చెంత కూర్చుండబెట్టుకొని చదువు చెప్పేది. బైబిలు వాక్యాలు, భక్తిగీతాలు కంఠస్థం చేయించేది. అతడు మతబోధకుడు కావాలని ఆమె ఆకాంక్ష. కాని అతనికి ఏడేండ్లు నిండకముందే ఆమె క్షయవ్యాధితో కన్నుమూసింది. తండ్రి మరల వివాహమాడాడు. పదకొండవ యేట బాలుడు తండ్రితోపాటు ఓడ ఎక్కాడు. తల్లి నాటిన విత్తనం అప్పటికి మట్టిలో కప్పబడిపోయింది.

యౌవనంలో న్యూటన్ దారి తప్పాడు. దైవాన్ని నిరసించే గ్రంథాలు చదివి నాస్తికుడైనాడు. తాను విశ్వాసం వదలుకొనడమే గాక, తోటి నావికుల విశ్వాసాన్ని ఎగతాళి చేసి చెడగొట్టడం వినోదంగా పెట్టుకున్నాడు. 1744లో నౌకాదళానికి బలవంతంగా మనుషులను పట్టే బృందం చేతిలో చిక్కి, హారిచ్ అనే యుద్ధనౌకలో చేరవలసి వచ్చింది. కొంతకాలానికి చెప్పకుండా పారిపోయి పట్టుబడ్డాడు. నావికులందరి సమక్షంలో కొరడా దెబ్బలు తిన్నాడు. హోదా పోయి సామాన్య నావికుడైనాడు. అవమానభారంతో కప్తానును చంపి తానూ చావాలని తలచాడు. మేరీ అనే యువతిపై పెంచుకున్న ప్రేమ ఒక్కటే ఆ దుస్సాహసం నుండి అతణ్ణి ఆపింది.

1745లో మదీరా దీవి వద్ద ఆ యుద్ధనౌక నుండి ఒక బానిసల ఓడలోనికి మారాడు. ఆ ఓడ పడమటి ఆఫ్రికాకు పోయింది. సియెర్రా లియోన్ తీరానగల ప్లాంటేన్ దీవులలో ఒక తెల్ల వర్తకుని కొలువులో చేరాడు. అక్కడ జబ్బుపడ్డాడు. వర్తకుని ఇల్లాలు అతణ్ణి అసహ్యించుకొని, జ్వరంలో త్రాగ నీరైనా సరిగా ఇవ్వనిచ్చేది కాదు. తరువాత వర్తకుడు కూడ దొంగతనం అంటగట్టి, తాను బయటకు పోయినప్పుడు అతణ్ణి ఓడ పైతట్టుకు సంకెళ్ళతో బంధించేవాడు. చాలీచాలని తిండితో, చిరిగిన గుడ్డలతో, ఎండకూ వానకూ ఆగుతూ న్యూటన్ ఎముకలగూడైనాడు. రాత్రివేళ తోటలలో దుంపలు పెరికి పచ్చివే తినేవాడు.

ఆ దశలో అతనికి అన్నం పెట్టినదెవరు? సంకెళ్ళలో ఉన్న బానిసలు. అమ్మకానికై కట్టివేయబడిన ఆ నల్లజాతివారు తమకు దక్కే పిడికెడు తిండిలో నుండి కొంత తీసి, యజమాని కంటబడకుండ, ఆ తెల్లవానికి అందించారు. కంటబడితే వారికి దండన తప్పదు. తమను కొని అమ్మే జాతికి చెందినవాడతడు. వారికతడు చేసిన మేలు లేదు, చేయగల మేలూ లేదు. ఈ విషయాన్ని న్యూటన్ స్వయంగా తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. ఆయన జీవితచరిత్రకారులు తుపానును గూర్చి పేజీలకొలది వ్రాస్తారు. ఈ పిడికెడు తిండిని ఒకటి రెండు వాక్యాలలో దాటిపోతారు. మా దృష్టిలో అయాచిత కృప అతనికి మొదట ముఖాముఖి కనిపించినది ఇక్కడనే. అతడు దానిని అప్పుడు గుర్తించలేదు.

అంతటి దైన్యంలోనూ అతడు ఒక పుస్తకాన్ని వదలలేదు. అది యూక్లిడ్ రేఖాగణితం. సముద్రతీరాన ఒంటరిగా కూర్చుండి ఇసుకపై కర్రపుల్లతో పటాలు గీసుకొంటూ ఆ గ్రంథంలో చాలభాగం తనంతట తానే నేర్చుకున్నాడు. ఒకనాడు నిమ్మమొక్కలు నాటుతూ ఉండగా వర్తకుడు చూచి, ఇవి కాయలు కాచేనాటికి నీవు కప్తానువై తిరిగి వస్తావేమోనని పరిహసించాడు. విధి ఆ పరిహాసాన్ని నిజం చేసింది. ఏ విధంగా నిజం చేసిందో ముందు చూడగలము.

తండ్రి కోరికపై లివర్‌పూల్ నుండి వచ్చిన గ్రేహౌండ్ అనే ఓడ 1747లో న్యూటన్‌ను కనుగొని ఎక్కించుకున్నది. 1748లో ఆ ఓడ ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా ఇంగ్లండుకు వస్తూ ఉండగా, మార్చి 21న ఘోరమైన తుపాను చెలరేగింది. ఒక పెద్ద కెరటానికి ఓడ ప్రక్కభాగం పగిలి నీరు లోనికి వచ్చింది. నిద్రలేచి పైకి ఎక్కబోతున్న న్యూటన్‌ను కప్తాను కత్తి తెమ్మని వెనుకకు పంపగా, అతనికి బదులు పైకి వెళ్ళిన మనిషి సముద్రంలో కొట్టుకొనిపోయాడు. ఓడలో తేనెమైనం, కలప వంటి తేలికైన సరకు ఉండడంచేత వెంటనే మునగలేదు. ఉదయమంతా నీరు తోడి, మధ్యాహ్నం నుండి అర్ధరాత్రి వరకు చుక్కాని పట్టుకొని నిలిచాడు న్యూటన్. అంతకుముందు అప్రయత్నంగా అతని నోట దేవుని కరుణను కోరే మాట ఒకటి వెలువడింది. వెంటనే తనకే ఆశ్చర్యం కలిగింది: తనవంటివానికి కరుణ ఎక్కడిదని. చుక్కాని వద్ద గడచిన ఆ గంటలలో తల్లి నేర్పిన వాక్యాలు ఒక్కొక్కటే మనసుకు వచ్చాయి. నాలుగు వారాల యాతన తరువాత, చివరి తిండి కుండలో ఉడుకుతూ ఉండగా, ఏప్రిల్ 8న వారు ఐర్లండు తీరం చేరారు. నాటినుండి బ్రతికినంతకాలం మార్చి 21ని ఆయన ప్రార్థనతో స్మరించుకొనేవాడు.

చాలమంది కథను ఇక్కడ ఆపి, పాపి పుణ్యాత్ముడైనాడని చెప్తారు. నిజం అంత సులభమైనది కాదు. తుపాను నుండి బయటపడిన న్యూటన్ తిరిగి బానిసల ఓడలోనే ఉద్యోగంలో చేరాడు. 1750లో మేరీని వివాహమాడాడు. ఆ సంవత్సరమే డ్యూక్ ఆఫ్ ఆర్గైల్ అనే బానిసల ఓడకు కప్తానైనాడు. తరువాత ఆఫ్రికన్ అనే ఓడపై మరి రెండు ప్రయాణాలు చేశాడు. నిమ్మచెట్ల వద్దకు కప్తానుగా తిరిగి వచ్చి వాటి మొదటి కాయలు కోశాడు. ఆదివారాలలో నావికులను సమావేశపరచి ప్రార్థన జరిపేవాడు. ఆ పలకల క్రిందనే స్త్రీపురుషులు గొలుసులతో బంధింపబడి ఉండేవారు. తిరుగుబాటు యత్నం జరిగినదన్న అనుమానంతో బాలురను ఇనుములలో పెట్టించి, బొటనవ్రేళ్ళను మరసాధనంతో నొక్కించి నిజం రాబట్టినట్లు ఆయన నౌకాదినచర్యలోనే ఉన్నది. తన ఆకలి తీర్చిన చేతులవంటి చేతులకే ఆయన సంకెళ్ళు వేశాడు.

ఇది ఎట్లు సాధ్యమైనది? ఆనాటి సమాజంలో ఆ వర్తకం గౌరవప్రదమైన వృత్తి. చర్చి అభ్యంతరపెట్టలేదు, చట్టం నిషేధించలేదు. ఆ కాలంలో తనకు దానిని గూర్చి మనస్సాక్షి బాధ కలుగలేదనీ, కారాగారపు కాపలాదారు వలె గొలుసులతో పని కావడం మాత్రం వెగటుగా ఉండేదనీ న్యూటన్ తరువాత ఒప్పుకున్నాడు. 1754లో మరొక ప్రయాణానికి సిద్ధమై ఉండగా హఠాత్తుగా మూర్ఛ వచ్చి సముద్రం వదలుకున్నాడు. మాన్పించినది అనారోగ్యమే గాని మనస్సాక్షి కాదు. లోకమంతా ఒప్పుకున్న అన్యాయం కంటికి కనబడకపోవడం ఒక్క న్యూటన్‌కే పట్టిన జబ్బు కాదు.

1755 నుండి న్యూటన్ లివర్‌పూల్ రేవులో సుంకపు అధికారిగా పనిచేస్తూ గ్రీకు, హీబ్రూ భాషలు స్వయంకృషితో అభ్యసించాడు. తల్లి కోరిన వృత్తిలో ప్రవేశించదలచి 1757లో ప్రయత్నం మొదలిడగా, విశ్వవిద్యాలయపు పట్టా లేనందున ఏడేండ్లు వేచి ఉండవలసి వచ్చింది. 1764లో ఓల్నీ అనే చిన్న ఊరిలో బోధకుడైనాడు. అక్కడి ప్రజలు ఎక్కువగా లేసు అల్లే పేదవారు. ఆయన వారి ఇండ్లకు నడచిపోయి కష్టసుఖాలు విచారించేవాడు. తన గత జీవితాన్ని దాచుకొనలేదు.

1767లో ఓల్నీకి విలియం కూపర్ వచ్చాడు. ఆంగ్లసాహిత్య విద్యార్థులకు ఈ కవి పరిచితుడే. తాను దేవునిచే శాశ్వతంగా త్యజింపబడినవాడనన్న భయం ఆయనను వేధించేది. ప్రాణత్యాగానికి సైతం యత్నించిన దుఃఖి. ఇద్దరూ కలిసి రచించిన కీర్తనలు 1779లో ఓల్నీ హిమ్స్ అన్న పేర ప్రచురింపబడినాయి. అందులోని 348 కీర్తనలలో అధికభాగం న్యూటన్‌వే. 1773 జనవరి 1న ఆయన ప్రసంగించిన అంశం దావీదు రాజు, అనగా మన దావూద్ ప్రవక్త, కృతజ్ఞతాప్రార్థన. గొర్రెలకాపరి అయిన తనను దేవుడింతవరకు తెచ్చుటకు తానెంతవాడనని ఆ రాజు విస్మయపడతాడు. ఆ ప్రసంగానికై న్యూటన్ వ్రాసిన కీర్తనే నేడు ప్రపంచమంతట అమేజింగ్ గ్రేస్ అన్న పేర ప్రసిద్ధమైనది. ఆ నెలలోనే కూపర్ మనసు మళ్ళీ చెదరింది. తనకు కృప లేదని ఆయన నిశ్చయించుకున్నాడు. న్యూటన్ దంపతులు అతణ్ణి తమ ఇంట ఉంచుకొని ఏడాదికి పైగా కంటికి రెప్పవలె కాచారు. 1800లో మరణించేవరకు కూపర్‌కు ఆ నిరాశ పూర్తిగా తొలగలేదు. మాటలతో ఆశ కలిగించలేనిచోట న్యూటన్ అన్నం పెట్టి, ప్రక్కన కూర్చున్నాడు. ప్లాంటేన్ దీవులలో తాను పొందినది ఆయన ఇక్కడ మరొకరికి ఇచ్చాడని మాకు తోస్తుంది.

1780లో న్యూటన్ లండన్‌లోని సెయింట్ మేరీ వూల్‌నాత్ చర్చికి వచ్చాడు. 1785 డిసెంబరులో విలియం విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు రహస్యంగా ఆయనను కలిశాడు. అతడు భక్తిమార్గంలో ప్రవేశించి రాజకీయాలు వదలుకొనాలా అని సతమతమవుతున్నాడు. పార్లమెంటులోనే ఉండి దేవుణ్ణి సేవించమని న్యూటన్ సలహా ఇచ్చాడు. ఆ యువకుడే తరువాత బానిసల వర్తకం రద్దుకై పోరాడిన నాయకుడు.

1788లో, సముద్రం వదలిన 34 సంవత్సరాలకు, న్యూటన్ ఆఫ్రికా బానిసల వర్తకాన్ని గూర్చి ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. అయిదడుగుల ఎత్తైన ఓడ అడుగుభాగాన్ని బల్లలతో రెండుగా చేసి మనుషులను ఎట్లు కుక్కేవారో, స్త్రీలు ఏ అవమానాలకు గురి అయ్యేవారో, శిక్షలెట్లుండేవో కన్నులకు కట్టినట్లు వర్ణించాడు. ఇది తన పశ్చాత్తాపమనీ, ఆలస్యంగా వచ్చిన పశ్చాత్తాపమనీ దాచకుండ చెప్పాడు. ప్రతులు పార్లమెంటు సభ్యులకు అందాయి. ప్రభుత్వ విచారణ సంఘాల ముందు ఆయన సాక్ష్యమిచ్చాడు. ఓడ కప్తాను సాక్ష్యాన్ని వర్తకులు కాదనలేకపోయారు. ఏండ్ల తరబడి ఓడిన బిల్లు 1807లో నెగ్గి మార్చి 25న చట్టమైంది. అప్పటికి న్యూటన్‌కు చూపు దాదాపు పోయింది. అదే సంవత్సరం డిసెంబరు 21న, 82వ యేట, ఆయన మరణించాడు. తన సమాధిపై చెక్కుటకై తానే వ్రాసిపెట్టుకున్న మాటలలో, తాను ఒకప్పుడు ఆఫ్రికాలో బానిసలకు సేవకుడనైన సంగతిని మరువకుండ చేర్చాడు. ఆయన కీర్తనను అనంతరకాలంలో అమెరికాలోని నల్లజాతి క్రైస్తవులు తమదిగా చేసుకున్నారు.

విద్యార్థులారా! ఎంత పతనమైనవానికైనా తిరుగుదారి ఉన్నదని ఈ జీవితం తెలుపుతున్నది. నిరాశలో ఉన్నవానికి ఇది గొప్ప ఊరట. అయితే కృప ఊరటగా మాత్రమే వచ్చి పోదు, ఋణంగా మిగులుతుంది. తుపానులో రక్షించిన దేవునికి న్యూటన్ వెంటనే కృతజ్ఞత చెప్పాడు. సంకెళ్ళలో ఉండి తిండి పెట్టినవారి ఋణం గుర్తించడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. ఆ మధ్యకాలంలో ఆ ఓడలలో నలిగినవారికి ఆయన గ్రంథం ఏమీ చేయలేకపోయింది. మనకు అర్హతకు మించి మేలు చేసినవారు ప్రతి ఒక్కరి జీవితంలోనూ ఉంటారు. తరచు వారు పేరులేని పేదలు. వారిని గుర్తించడానికి మనం అంతకాలం తీసుకొనకుండుట మంచిదని మేము భావిస్తున్నాము.