శ్రీ పురుషోత్తమ చౌదరిగారి జీవితము

వార్షిక సభల సందర్భమున పెద్దల చరిత్రములను స్మరించుట మనకు వాడుక. స్వకులమున పుట్టి స్వకులముననే కీర్తి గడించినవారిని పొగడుట సులభము. కులమును విడిచిపోయిన మహనీయుని చరిత్రమును కులసభా సంచికయందు వ్రాయుట యంత సులభము కాదు. అయినను ఈ ఉత్తరాంధ్ర సీమలో జ్ఞానమును పరిశ్రమచే నార్జించి, ఆర్జించినదానిని పదుగురకు పంచిపెట్టినవారిని లెక్కించునప్పుడు పురుషోత్తమ చౌదరిగారిని విడిచిపెట్టుట న్యాయము కాదని తలచి మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చౌదరిగారు 1803వ సంవత్సరమున పర్లాకిమిడి ప్రాంతమునందలి మదనాపురమున జన్మించిరి. ఆ కాలమున ఆ సీమ గంజాము జిల్లాలోనిది. 1936వ సంవత్సరమున ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణ మందు చేరినది. వీరి పూర్వులు వంగదేశమునుండి వచ్చి యిచ్చట స్థిరపడిన బ్రాహ్మణులు. కావున చౌదరి యను పేరునుబట్టి వీరిని దక్షిణ మండలముల వారనుకొనరాదు. ఇంట వంగభాష, ఊర ఓఢ్రము, చుట్టుప్రక్కల తెనుగు, చదువున సంస్కృతము: ఇట్లు నాలుగు భాషలు వీరికి స్వాధీనములయ్యెను. మాతృభాష కాని తెనుగున పాటలు కట్టి, మాతృభాషగా గలవారిచే పాడించుకొనుట వీరి పరిశ్రమకు ప్రథమ నిదర్శనము.

విద్య యున్నను వీరి మనస్సునకు శాంతి లేకపోయెను. పాపమునకు పరిహార మెట్లు, ముక్తికి మార్గమేది యను ప్రశ్నలు వీరిని బాధించినవి. ఆ దినములలో శ్రీకాకుళమున హెలెన్ నాట్ అను ఆంగ్లేయ స్త్రీ యుండెడిది. ఆమె మూలమున క్రైస్తవ గ్రంథములు వీరి చేతికి వచ్చెను. విశాఖపట్టణమున లండను మిషనువారు 1805వ సంవత్సరము నుండియు పనిచేయుచుండిరి. తెనుగున సువార్త గ్రంథములు అచ్చుపడి కొంతకాలమైనది. చౌదరిగారు వానిని జదివి, తర్కించి, తమకు తెలిసిన శాస్త్రములతో పోల్చి చూచిరి. ఒకరి మాట విని యొక్క దినమున మతము మార్చుకొన్నవారు కారు. తుదకు 1833వ సంవత్సరమున, ముప్పది యేండ్ల ప్రాయమున, కటకమునందు బాప్తిస్మము పొందిరి.

ఆ కాలమున బ్రాహ్మణుడు క్రైస్తవుడగుట యనగా నేమో పాఠకులు యోచింపవలెను. పంక్తి లేదు, బంధుత్వము లేదు, పుట్టిన యూర నిలువ నీడ లేదు. ఒక మనిషి నిర్ణయము ఇంటిల్లిపాదికిని శిక్ష యగుచుండెను. కొంతకాలమునకు వీరి భార్య రాధామణిగారును ఆ విశ్వాసమునే స్వీకరించి తోడునీడగా నిలిచిరి. భర్త కీర్తిని చెప్పుకొనువారు ఆ యిల్లాలి ధైర్యమును మఱువరాదు.

తరువాత వీరు శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలగు తావులందు బోధకులై పనిచేసిరి. అప్పుడే వీరికొక సంగతి బోధపడెను. వినవచ్చినవారిలో అనేకులకు అక్షరము రాదు. పుస్తకమిచ్చిన చదువలేరు, దీర్ఘోపన్యాసము చేసిన నిలువలేరు. కాని పాట యైనచో ఒకమాఱు విని, నాట్లు వేయుచు, దంచుచు, త్రోవ నడచుచు దానినే పాడుకొందురు. కావున వీరు పరదేశపు మట్లను విడిచి, పల్లవి, అనుపల్లవి, చరణములతో, రాగతాళములతో మన కీర్తనల మార్గముననే క్రీస్తు కథను పాడిరి. అట్లు వీరు రచించిన కీర్తనలు నూటికి మించినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున వీరి పేరు నేటికిని కనబడుచున్నది. తెలుగు క్రైస్తవ పదకవితా పితామహులని వీరిని గౌరవించుట అందువలననే.

పద్యగద్యములందును వీరు గ్రంథములు రచించిరి. వానిలో కులాచారపరీక్ష యనునది మనము ప్రత్యేకముగా తలపవలసినది. కులాచారములు మానవునకు మేలు చేయుచున్నవా, కీడు చేయుచున్నవా యను విచారణకు దిగిన గ్రంథమది. ఉన్నత కులమున పుట్టి, ఆ కులము వలని మర్యాదలను స్వయముగా వదలుకొన్నవారు వ్రాసిరి గనుక దానికి బలము హెచ్చు. చౌదరిగారు 1890వ సంవత్సరమున, సుమారు 87 ఏండ్ల వయస్సున, పరమపదించిరి. బాప్తిస్మము మొదలు 57 ఏండ్లు ఒకే పనియందు నిలిచిరి.

వీరి మతమును స్వీకరించుట, స్వీకరింపకపోవుట యెవరి మనస్సున కది. కాని వీరి జీవితము మన సంఘమును ఒక ప్రశ్న యడుగుచున్నది. సంఘమనగా తనవారిని చేరదీయుటకా, ఇతరులను దూరము చేయుటకా? మనము పేద విద్యార్థులకు సాయము చేయుదుము, వితంతువులను ఆదుకొందుము, అది మంచిదే. అయితే మన యింటి పిల్లవాడు వేఱొక త్రోవను సత్యమని నమ్మి పోవునెడల, వానికి మన గుమ్మము తెఱచి యుండునా? నిజము చెప్పవలెనన్న, మేము వెంటనే ఔనని చెప్పజాలకున్నాము.

జ్ఞానము జన్మముతో రాదు, ఒక్క దినమున రాదు. వెదకి, పరీక్షించి, నమ్మినదానికై నష్టము నోర్చి, ప్రతిదినమును పాటుపడిన వానికే యది దక్కునని చౌదరిగారి చరిత్రము చెప్పుచున్నది. సభ్యమహాశయులును పోషకులును ఈ సంచికను ఇంటికి గొనిపోయి పిల్లలచే చదివించి, పై ప్రశ్నకు వారి యుత్తరమును గూడ విందురుగాక యని మేము కోరుచున్నాము.