ఉద్యోగం పోయింది... గిజిగాడి గుట్టు దొరికింది: ఇదీ సలీం అలీ కథ

మన దేశంలో పక్షుల శాస్త్రవేత్త అంటే ముందుగా గుర్తొచ్చే పేరు సలీం అలీ. అంతటి మనిషి యూనివర్సిటీ డిగ్రీ పూర్తి చేయలేదంటే చాలామంది నమ్మరు. ముంబైలో కామర్స్ కాలేజీలో చేరి ఆయన చదివింది కమర్షియల్ లా, అకౌంటెన్సీ!

1896 నవంబర్ 12న ముంబైలో సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ల వయసులో తల్లి చనిపోయారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ పెంచారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో కనుక్కోమని మామ బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ పక్షుల నమూనాలన్నీ తీసి చూపించారు. ఆ రోజు పట్టిన పిచ్చి తొంభై ఏళ్లొచ్చినా వదల్లేదు.

పిచ్చి సరే, ఇల్లు గడవాలి కదా. బర్మాలో వ్యాపారం కలిసిరాలేదు. 1918లో తెహ్‌మీనా బేగంతో పెళ్లయింది. జువలాజికల్ సర్వేలో పక్షుల ఉద్యోగానికి ప్రయత్నిస్తే డిగ్రీ లేదని ఇవ్వలేదు. 1926లో ముంబై మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు, నెలకు 350 రూపాయలు. 1928లో సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ దగ్గర పని నేర్చుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి నిధులు లేవని ఆ పోస్టే ఎత్తేశారు. వయసు ముప్పై మూడు దాటింది, చేతిలో పని లేదు. భార్యాభర్తలు ముంబై వదిలి అలీబాగ్ దగ్గర కిహిమ్ అనే సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్లిపోయారు.

అక్కడ చెట్లకు గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. మన ఊళ్లలో తాటి, ఈత, తుమ్మ చెట్లకు కనిపించేవే. వానాకాలంలో గంటల తరబడి కదలకుండా కూర్చుని చూశారు. అప్పటిదాకా అందరూ అనుకున్నది ఒకటి, ఆయన కంటికి కనిపించింది ఇంకొకటి.

గూడు అల్లేది మొత్తం మగదే. గడ్డిపోచలు, ఆకు పీలికలు తెచ్చి సగం దాకా, టోపీ ఆకారం వచ్చేవరకు అల్లి ఆపేస్తుంది. అప్పుడు ఆడపిట్టలు వస్తాయి. లోపలికి దూరి చూస్తాయి, పోచలు లాగి చూస్తాయి, అచ్చం అద్దె ఇల్లు చూసుకునేవాళ్లలాగే! నచ్చకపోతే ఆ గూడు అక్కడితో సరి, మగది మళ్లీ మొదటినుంచి ఇంకోటి అల్లుకోవాలి. నచ్చితేనే ఆడది అందులో దిగుతుంది. అప్పుడు మగది కిందికి గొట్టంలాంటి దారి అల్లి గూడు పూర్తి చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి పొదగడం మొదలుపెట్టగానే ఈయనగారు పక్కనే కొత్త గూడు మొదలెడతాడు, ఇంకో ఆడపిట్ట కోసం. పొదిగే పనంతా ఆడదానిదే.

ఇదంతా రాసిన వ్యాసం 1931లో సొసైటీ పత్రికలో అచ్చయింది. శాస్త్రవేత్తల లోకంలో ఆయనకు పేరు తెచ్చింది ఈ పనే. జీతం మాత్రం రాలేదు. దానికీ ఆయనే ఒక దారి వెతికారు. క్యాంపు ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా మీ రాజ్యంలో పక్షుల సర్వే చేస్తానని సంస్థానాలకు చెప్పారు. అలా 1931లో నిజాం హైదరాబాద్ రాజ్యానికి వచ్చి ఇక్కడి అడవులు తిరిగారు. గుడారాల్లో క్యాంపు నడిపింది తెహ్‌మీనా. ఆమె 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత చనిపోయారు. పిల్లలు లేరు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

1941లో ఇండియన్ బర్డ్స్ పుస్తకం వచ్చింది. తర్వాత డిల్లన్ రిప్లేతో కలిసి పది సంపుటాల హ్యాండ్‌బుక్ రాశారు. 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ.

1986 జనవరిలో మన కడప జిల్లాలో కలివికోడి మళ్లీ దొరికింది. పగలు ముళ్లపొదల్లో దాక్కుని రాత్రి తిరిగే ఈ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. కనిపెట్టింది ఆయన సొసైటీ పరిశోధకుడే. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. మరుసటి ఏడాది జూన్ 20న ముంబైలో కన్నుమూశారు.