పచ్చికబయలు కాపరి టామ్ మోరిస్

పఠనభాగము: లేవీయకాండము 25:1–7

గాల్ఫ్ అను ఆటను మన గ్రామములలో చూచినవారు అరుదు. విశాలమైన పచ్చికబయలులో చిన్న బంతిని కర్రతో కొట్టుచు, దూరదూరముననున్న గుంటలలో వరుసగా పడవేయవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవాడే గెలిచినవాడు. స్కాట్లండు దేశములో సముద్రతీరమందలి సెంట్ ఆండ్రూస్ పట్టణము ఈ ఆటకు పుట్టినిల్లువంటిది. అచ్చట 1821 జూన్ 16న ఒక నేతపనివాని యింట టామ్ మోరిస్ పుట్టెను.

టామ్ చిన్నతనమందే అలన్ రాబర్ట్‌సన్ అను పేరుపొందిన ఆటగానియొద్ద బంతులు చేయు పని నేర్చుకొనెను. తోలుసంచిలో ఉడికించిన ఈకలు కూరి కుట్టినదే ఆనాటి బంతి. మంచి పనివాడు సహితము దినమునకు కొన్నిటినే చేయగలడు గనుక ధర హెచ్చు. 1848 ప్రాంతమున మలయా దేశపు చెట్టుపాలతో చేసిన చౌకబంతి వచ్చెను. తన వ్యాపారము చెడునని రాబర్ట్‌సన్ దానిని ద్వేషించెను. ఒకనాడు టామ్ తన బంతులు అయిపోగా ఆ క్రొత్త బంతితో ఆడుట యజమానుని కంటబడెను. మాట పెరిగి యిద్దరును విడిపోయిరి. క్రొత్త సరకు వచ్చి చేతిపని చెడుట ఎట్టిదో మగ్గము నమ్ముకొన్న మన కుటుంబములకు నేను చెప్పనక్కరలేదు.

1851లో ప్రెస్ట్‌విక్ అను చోట ఆటమైదానమును బాగుచేసి కాచు పని ఆయనకు దొరికెను. ఓపెన్ ఛాంపియన్‌షిప్ అను గొప్ప పోటీ 1860లో అచ్చటనే ఆరంభమాయెను. మొదటిసారి ఎనిమిదిమందే ఆడిరి. టామ్ రెండు దెబ్బల తేడాతో ఓడెను. తరువాత 1861, 1862, 1864, 1867 సంవత్సరములలో గెలిచెను. కడపటిసారి ఆయన వయస్సు 46. అంతకు మించిన వయస్సున ఆ పోటీ గెలిచినవాడు ఈనాటికిని లేడు.

మరుసటి సంవత్సరము ఆయనను ఓడించినవాడు ఆయన కుమారుడే. 17 ఏండ్ల చిన్న టామ్ మొదటివాడు, తండ్రి రెండవవాడు. 1871లో పోటీ జరుగలేదు. అది తప్ప 1872 వరకు కుమారుడే వరుసగా నాలుగుమార్లు గెలిచెను.

1875 సెప్టెంబరులో తండ్రీ కుమారులు నార్త్ బెర్విక్‌లో ఆడుచుండగా, చిన్న టామ్ భార్య ప్రసవవేదనలో ప్రమాదస్థితిలో ఉన్నదని తంతి వచ్చెను. ఒకరి ఓడలో సముద్రపాయ దాటి త్వరపడి వెళ్లిరి గాని, ఇల్లు చేరకమునుపే తల్లియు బిడ్డయు చనిపోయిరి. ఆ క్రిస్మస్ దినముననే చిన్న టామ్ కూడ మరణించెను. అతనికి 24 ఏండ్లు. గుండె పగిలి చనిపోయెనని జనులు చెప్పుకొనిరి. గుండె పగులుటచేతనే మనుష్యుడు చచ్చునట్లయితే తానును బ్రదికియుండనని తండ్రి అనెడివాడట. మరుసటి యేడు భార్య పోయెను. తుదకు తన పిల్లలందరికంటె ఆయనే ఎక్కువకాలము జీవించెను.

అప్పటికి ఆయన సెంట్ ఆండ్రూస్‌కు తిరిగివచ్చి, సాలుకు 50 పౌనుల జీతముమీద అచ్చటి మైదానమును కాచుచుండెను. దుఃఖములో ఆ పని మానలేదు. ఇసుక చల్లినయెడల పచ్చిక దట్టముగా ఎదుగునని కనిపెట్టి, ఇంకను ఇసుక తెమ్మని పనివారిని తొందరపెట్టెడివాడు. సేద్యగాండ్రకు ఈ మనుష్యుడు నచ్చునని నా తలంపు.

ఆదివారమున మాత్రము ఎవరిని ఆడనియ్యలేదు. ఆయన సంఘపెద్ద. మైదానము ప్రక్కనే ఆయనకు కర్రలు, బంతులు అమ్ము దుకాణము కలదు. ఆదివారపు ఆటవలన లాభమే గాని నష్టము లేదు. అయినను అడుగవచ్చినవారితో, మీకు విశ్రాంతి అక్కరలేకపోయినను నేలకు అక్కరయున్నదని చెప్పెడివాడట. లేవీయకాండములో పొలమునకు సహితము విశ్రాంతి నియమింపబడిన సంగతి మనము చదువుచున్నాము. ఆ పాత మైదానములో నేటికిని, పెద్ద పోటీలు జరుగు దినములు తప్ప, ఆదివారమున ఆట లేదు. ఊరివారు పిల్లలతో దానిమీద నడచుచుందురు.

1908 మే 24న, ఆదివారమున, ఆయన ఒక క్లబ్బులో మెట్లమీదనుండి పడి మరణించెను. 87 ఏండ్లు నిండుటకు కొన్ని వారములే మిగిలియుండెను. ఊరిలోని పాడుబడిన పెద్ద దేవాలయపు ఆవరణములో, కుమారుని సమాధియొద్దనే ఆయనను పాతిపెట్టిరి.